మిర్యాలగూడ అన్న అడిగే ప్రశ్నలు

మా దగ్గర పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. సాఫ్ట్‌వేర్‌కు కొత్త వర్షన్ ఎప్పుడొచ్చినా, మూఢం వచ్చేదాకా దాన్ని ముట్టుకోరు. గురుడో శుక్రుడో కనబడకుండా పోయాడని పంతుళ్లు ముహూర్తాలు ఆపేస్తారు చూడండి, ఆ రోజులన్నమాట. లగ్గాలుండవు, ఫంక్షన్ హాళ్లకు తాళాలు పడతాయి, కెమెరాలు సంచుల్లో పడుకుంటాయి. అప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎడిటర్లందరం ఒకేసారి అప్‌డేట్ కొట్టుకుని, సూర్యాపేటలో మా షాపు పై గదిలో కూర్చుని, కొత్తగా వచ్చిన ఫీచర్ల గురించి ఒకరినొకరు ప్రశ్నలతో పీక్కుతింటాం. దేనికీ పనికిరావని లోకమంతా వదిలేసిన రోజులే మాకు మంచిరోజులు.

ఈ కట్టుబాటు పెట్టింది మిర్యాలగూడ అన్న. నాకంటే పదేళ్లు పెద్ద. బియ్యం మిల్లులో ఫిట్టర్‌గా చేసి, తర్వాత ఈ పనిలోకి వచ్చినవాడు. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. నేనేమో బీఎస్సీ. సాఫ్ట్‌వేర్‌కు శుక్రుడితో ఏం పని అని ఆయనతో పెట్టుకున్నన్ని పంచాయితీలు నేను ఇంకెవరితోనూ పెట్టుకోలేదు. ఒకసారి మాత్రం జవాబు చెప్పాడు.

"శుక్రునితోని పని లేదు చెల్లె. మన చేతిల ఎవరి లగ్గం లేకపోవుడుతోని పని."

ఆ మాటలో తప్పు వెతకడానికి చాలా ప్రయత్నించాను. దొరకలేదు. అయినా వాదన మానలేదు. మానితే నేను నేను కాదు.

మా ఇంట్లో మా ఆయన కెమెరా పట్టుకుంటాడు, నేను కోసి అతికిస్తాను. మాటల విషయంలోనూ అంతే; ఆయన చెప్పుకుంటూ పోతాడు, నేను మధ్యలో కోస్తాను. ఇరవై ఏళ్లకు దగ్గరగా ఇదే పని. మూడూళ్ల ఎడిటర్ల గుంపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, గుంపు పెద్దరికం కూడా ఎవరూ ఇవ్వకుండానే తీసుకున్నాను.

కొత్త ఫీచర్ గురించి ఎడిటర్లు ఏం అడుగుతారు, ఏ బటన్ నొక్కాలని అడుగుతారు అనుకుంటారు బయటివాళ్లు. బటన్ గురించి అడిగినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. ముఖాలను గుర్తుపట్టి ఒక్కో మనిషి క్లిప్పులన్నీ ఒకచోట చేర్చే ఫీచర్ వచ్చినప్పుడు ఒకాయన అడిగాడు, సంబంధం ఖాయం చేసుకునే పూలుపండ్ల రోజు గడ్డంతో ఉన్న పిల్లగాడు లగ్గం నాటికి నున్నగా గీయించుకుంటే వాణ్ని ఇంకెవడో అనుకుంటుందా అని. మాటలను అక్షరాలుగా రాసిపెట్టే ఫీచర్ వస్తే ఇంకొకాయనకు వచ్చిన అనుమానం, అది వార్తలు చదివేవాళ్ల తెలుగే రాస్తుందా, పంక్తిలో కూర వడ్డించలేదని మా మేనత్తలు తిట్టే తెలుగు కూడా రాస్తుందా అని. కోదాడ తమ్ముడు ఉన్నాడు, నలభై దాటినా నాకు తమ్ముడే, అతనికి ఎప్పుడూ ఒకటే ఆరాటం. "ఎంతసేపట్లో అయిపోద్దక్కా?" ఏది చూపించినా అదే. బ్రహ్మసృష్టి గురించి చెప్పినా అదే అడుగుతాడు.

ఇంగ్లీషు మెనూల్లో సగం మాటలు వీళ్లకు తెలియవు. గుర్తులు చూసి పని చేసుకుపోతారు. కానీ ప్రతి ప్రశ్న వెనుకా ఒక పెళ్లి ఉంటుంది, ఆ పెళ్లిలో నిజంగా అలిగిన ఒక మనిషి ఉంటాడు. ఆ ప్రశ్నలు వింటుంటే నాకు లోపల ఎంత గౌరవం కలిగేదో ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు పైకి మాత్రం వెక్కిరించేదాన్ని.

వీళ్లందరిలో మేటి మిర్యాలగూడ అన్న. ఫ్రేములోంచి అక్కర్లేని మనుషులను తుడిచేసే ఫీచర్ వచ్చిన మూఢంలో, అందరం నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, ఆయన నోట్‌బుక్ తెరిచి, పెన్ను మూత తీసి, తాపీగా అడిగాడు. "అలిగి పోయిన బావను తీసేస్తది, మంచిగనే ఉంది. అలక తీరినంక మళ్ల పెడ్తదా?"

గదంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఏ ఫీచర్ చూపించినా ఆయన ప్రశ్న చివరికి అక్కడికే వచ్చి ఆగేది: చేసినదాన్ని వెనక్కి తీసుకోవచ్చా?

మొన్నటి మాఘమాసంలో, లగ్గాలు ఊపిరి సలపనివ్వని రోజుల్లో, హైదరాబాద్ డీలరు ఒక శిక్షకుణ్ని పంపాడు. కొత్త వర్షన్ వచ్చిందట, చూపిస్తాడట. ఇది సీజనని, మూఢం దాకా ఆగాలని అన్న మా ఎడిటర్ల గ్రూపులో రాశాడు. చూడటానికి కూడా శుక్రుడి పర్మిషన్ కావాలా అని నేను రాశాను. మంగళవారం ముహూర్తం లేదు కాబట్టి పదిమంది మా పై గదికి వచ్చారు. అన్న కూడా వచ్చాడు, నోట్‌బుక్‌తో.

ఆ రోజు నా చేతిలో నడిగూడెం పెళ్లి ఉంది. గొర్లు పెంచుకునే కుటుంబం. పెళ్లిపిల్ల అన్న మిలిటరీలో ఉన్నాడు, సెలవు దొరక్క లగ్గానికి రాలేకపోయాడు. తీరా చెల్లెలు అత్తగారింటికి వెళ్లాక దొరికింది. వాళ్లమ్మ షాపుకొచ్చి నా ముందు నిలబడి చెప్పింది.

"వాడు చెల్లె లగ్గం ఫోన్‌ల సూసిండు బిడ్డా. అదీ సగం. ఆదివారం పొద్దున రైలెక్కుతడు. పోయేలోపు కూసోబెట్టి సూపియ్యాలె."

శనివారానికి ఇస్తానని మాటిచ్చాను. పెళ్లికొడుకుది మాడుగులపల్లి, అటువైపు పని మిర్యాలగూడ అన్న తీశాడు. ఆయన బరాత్ దాకా కోసి పంపితే, నా భాగంతో కలిపి ఒక్క సినిమాగా చేయాలి. మంగళవారం నాటికి నా వైపు కోతలన్నీ అయ్యాయి. రంగులు సరిచేయడం, పాటలు, సౌండు మిగిలాయి.

శిక్షకుడు చురుకైన పిల్లగాడు. మొదట, మాటలు లేని ఖాళీలను కనిపెట్టి దానంతటదే కోసేసే ఫీచర్ చూపించాడు. ఏదో ఊరి అప్పగింతల క్లిప్పు పెట్టి ఒక్క నొక్కు నొక్కాడు. ఏడు నిమిషాలది మూడు నిమిషాలైంది. కోదాడ తమ్ముడి మొహం వెలిగిపోయింది. అన్న మాత్రం తెర దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని వెతికాడు. "ఇందాక పాల పళ్లెం పట్టుకొని పిల్ల తండ్రి నిలవడ్డడు. ఆ అయ్య ఏడికి పోయిండు?"

ఆ తండ్రి ఏమీ మాట్లాడలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆయన్ను ఖాళీ కింద లెక్కేసింది. అప్పగింతల్లో ఏ తండ్రి మాట్లాడతాడు? శిక్షకుడు తడబడి, సెట్టింగుల్లో మార్చుకోవచ్చు సార్ అన్నాడు.

తర్వాత రంగులు. మూడు కెమెరాల్లో మూడు రకాలుగా వచ్చిన రంగులను ఒక్క నొక్కుతో సమం చేస్తుందట. నేనైతే ఆ ఫీచర్ చూసి పడిపోయాను. రెండు రోజులు కూర్చుని చేసే పని అది. అన్న చెయ్యెత్తాడు.

"పసుపును పసుపు అనుకుంటదా, లైటు తప్పు అనుకుంటదా?"

ఇంత తెలివైన ప్రశ్న ఆ గదిలో ఇంకెప్పుడూ ఎవరూ అడగలేదు. ఇది నేను ఇప్పుడంటున్న మాట. అప్పుడు గడియారం చూసుకున్నాను. శిక్షకుడు, అది చాలా స్మార్ట్ సార్ అన్నాడు. అన్న ఇంకొకటి అడిగాడు, కొత్తదాంట్లో తెరిచి దాచిన ప్రాజెక్టును మళ్లీ పాతదాంట్లో తెరవొచ్చా అని.

"వెనక్కెందుకు సార్? టెక్నాలజీ ముందుకే కదా పోయేది," అన్నాడు శిక్షకుడు నవ్వుతూ.

నాకు విసుగొచ్చింది. పిల్లగాడు అంత దూరం నుంచి వస్తే ఈయన కోర్టులో వకీలులా నిలబెట్టి అడుగుతున్నాడనిపించింది. "అన్నా, నీకు కొత్తది కావాల్నా పాతది కావాల్నా? ఏదో ఒకటి తేల్చుకో, మిగిలినోళ్లను సూడనియ్యి," అన్నాను. అందరి ముందే అన్నాను. ఆయన నోట్‌బుక్‌లో ఆ ప్రశ్న పక్కన 'జవాబు రాలే' అని రాసుకుని పెన్ను మూత పెట్టాడు.

అందరూ వెళ్లాక ఆయన ఒక్కడు ఆగాడు. ఇయ్యాలనే నొక్కుతవా అని అడిగాడు. నొక్కుతానన్నాను.

"నడిగూడెం దాన్ని ఏడ దాచినవ్?"

"దాచుడెందుకు అన్నా, గీడనే ఉంది గద."

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అడగనూ లేదు, కదలనూ లేదు. "తీస్కపో అన్నా, తీస్కపోయి ఇంట్ల పటం కట్టించుకో," అన్నాను. నా కోతలన్నీ ఉన్న ఆ ప్రాజెక్టు ఫైలు ఎక్కించుకుని, మా ఆయన తీసిన క్లిప్పులున్న డిస్కుకు ఇంకో కాపీ ఉందో లేదో కనుక్కుని, మిర్యాలగూడ బస్సెక్కాడు.

ఆయన బస్సు సూర్యాపేట దాటకముందే నేను అప్‌డేట్ నొక్కేశాను.

బుధ, గురువారాలు నాకు పండగే. అబద్ధం ఎందుకు, ఆ కొత్త వర్షన్ గొప్పదే. పాటకు తగ్గట్టు క్లిప్పులను తనే జరిపేది. మైకులో ఈదురుగాలి హోరును తీసేసి పంతులు మంత్రాన్ని అద్దంలా వినిపించింది. రంగులు ఒక్క నొక్కు. రెండు రోజుల పని పూటలో అయిపోయిందని, మూఢం దాకా ఆగేవాళ్లు ఆగండని గ్రూపులో రాశాను. కోదాడ తమ్ముడు మూడు చప్పట్ల బొమ్మలు పెట్టాడు.

శుక్రవారం పొద్దున సినిమాను మొదటినుంచి చూసుకున్నాను. పసుపు ఘట్టం వచ్చింది. వాకిట్లో పీట మీద పెళ్లిపిల్ల, చుట్టూ ముత్తైదువలు, మొహానికి చేతులకు పసుపు. ఎక్కడిది పసుపు? సాఫ్ట్‌వేర్ ఆ పచ్చదనాన్నంతా లైటు తప్పని దిద్దేసింది. పిల్ల మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ముత్తైదువలు ఆమెకు ఏం రాస్తున్నారో కూడా అర్థం కాకుండా ఉంది. సరే, దీన్ని చేత్తో చేసుకుందామనుకుని, ముందు ఎలా వస్తుందో చూద్దామని, ముక్కలన్నిటినీ ఒక్క వీడియోగా చేసే రెండరింగ్ పెట్టాను. తొంభై శాతం దగ్గర ఆగిపోయింది. మళ్లీ పెట్టాను. అక్కడే ఆగింది. శిక్షకుడికి ఫోన్ చేస్తే, కొన్ని సిస్టమ్‌లలో ఈ ఇబ్బంది వస్తోంది మేడమ్, వచ్చే అప్‌డేట్‌లో సరిచేస్తారు అన్నాడు. వచ్చే అప్‌డేట్ ఎప్పుడు? చెప్పలేడు. పాతది ఎక్కించాను. నా ప్రాజెక్టును తెరవనంది. ఇది కొత్తదాంట్లో చేసినది, నావల్ల కాదు అని రెండు వాక్యాల ఇంగ్లీషులో చెప్పింది. మంగళవారం అన్న అడిగిన ప్రశ్నకు జవాబు అలా వచ్చింది.

పది గంటలకు నడిగూడెం నుంచి ఫోన్. రేపు ఏ వేళకు తెస్తవు బిడ్డా, చుట్టాలకు చెప్పాలె అంది ఆ తల్లి. సాయంత్రానికి అన్నాను. ఆ సినిమాను ఆదివారం తర్వాత ఇచ్చినా చూస్తారు, ఊరంతా చూస్తుంది. చూడాల్సినవాడు తప్ప.

అన్నకు ఫోన్ చేశాను. ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పాను. ఎత్తిపొడుస్తాడని కాచుకున్నాను, ఆయన స్థానంలో నేనుంటే సంవత్సరం పాటు ఎత్తిపొడిచేదాన్ని. ఆయన అన్నది ఒకటే మాట. "డిస్క్ పట్టుకొని బస్సెక్కు."

మధ్యాహ్నానికి మిర్యాలగూడలో ఆయన ఇంటి ముందు గదిలో ఉన్నాను. రెండు సిస్టమ్‌లూ పాత వర్షన్‌వే. మంగళవారం నాటి నా కోతలు పెన్‌డ్రైవ్‌లోంచి చెక్కుచెదరకుండా వచ్చి టైమ్‌లైన్ మీద కూర్చున్నాయి. వాటిని చూసి కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ, కళ్లు మండుతున్నాయని వదినతో అన్నాను. పాటలు, సౌండు నేను తీసుకున్నాను. రంగులు ఆయన తీసుకున్నాడు.

ఆ మనిషి పని చేస్తుంటే చూడాలి. పసుపు ఘట్టం దగ్గరికి రాగానే చెయ్యి మౌస్ మీదినుంచి తీసేశాడు.

"నడిగూడెపోళ్లది ఇంట్ల దంచిన పసుపా, పాకెట్‌దా?"

"దంచుడు తీసినం గద అన్నా, క్లిప్పు ఉంది."

"దంచుడు కెమెరా కోసం దంచుతరు చెల్లె. రాసేటిది పాకెట్‌ది ఉంటది శాన ఇండ్లల్ల. రంగు వేరుంటది."

ఇరవై ఏళ్లలో వందల పసుపు ఘట్టాలు కోశాను. ఈ తేడా నాకు తట్టలేదు. నడిగూడెం ఫోన్ చేశాను. ఆ తల్లి మొదట బిత్తరపోయింది, సినిమాకు పసుపుతో ఏం పని అని. తర్వాత కాస్త గర్వంగా చెప్పింది, అది మా చెలకలో పండిన కొమ్ములే, మా అత్త రోట్లో దంచిందే, పాకెట్‌ది మా గడప తొక్కలేదు అని. అన్న ఆ మాట విని వదినను కేకేశాడు. ఇంట్లో దంచిన పసుపు ఉందా? వదిన డబ్బా మూతలో కొంచెం తెచ్చి, ఇది వంటకు దాచుకున్నది, ఒలకబోస్తే ఊరుకోను అని చెప్పి మరీ ఇచ్చింది. అన్న దాంట్లో రెండు చుక్కలు నీళ్లు కలిపి, తన ముంజేతికి రాసుకుని, ఆ చేతిని తెర పక్కన ఆనించి పెట్టాడు. ఒక కన్ను చేతి మీద, ఒక కన్ను పెళ్లిపిల్ల మీద. పావు గంట అలాగే కూర్చుని, ఒక్కో రంగు గీతను వెంట్రుకవాసి జరిపాడు. తెరమీద పచ్చదనం మెల్లమెల్లగా ముదిరింది. ఆ పిల్ల మొహం మళ్లీ పెళ్లిపిల్ల మొహమైంది.

అప్పుడు అడిగాను, ప్రతిదానికీ వెనక్కి తీసుకోవచ్చా అని ఎందుకు అడుగుతావు అన్నా, భయమా అని. ఆయన చేతి మీది పసుపు తుడుచుకుంటూ చెప్పాడు.

"మిల్లుల కొత్త మిషన్ దింపితే, నడిపేటిది ఎవడైనా నేర్పుతడు. ఆపేటిది ఏడుందో ముందుగాల్ల సూసుకోవాలె. గంతే. భయం గియం ఏం లేదు."

గంతే అట. కాలేజీలో మూడేళ్లు కూర్చున్నా నాకు ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

పొద్దు గూకేసరికి ఇద్దరం సగానికి వచ్చాం. వదిన నన్ను వెళ్లనివ్వలేదు. శనివారం పొద్దున మిగతాది చేసి, మాడుగులపల్లి భాగం అతికించి, రెండరింగ్ పెట్టాం. ఆ తొంభై శాతం దగ్గర నేను కుర్చీలోంచి లేచి గోడకేసి తిరిగి నిలబడ్డాను. దాటింది చెల్లె, కూసో అన్నాడు అన్న.

మధ్యాహ్నం బస్సుకు ఇద్దరం కోదాడ వెళ్లాం. తమ్ముడు కారుతో వచ్చి బస్టాండులో నిలబడి ఉన్నాడు. నడిగూడెం దాకా దారి పొడుగునా ఒకటే ప్రశ్న, ఇంతకీ ఆ కొత్త వర్షన్ ఎక్కించుకోవాలా వద్దా అక్కా అని. మూఢం ఎప్పుడో క్యాలెండర్ చూసుకో అన్నాను. అతను అద్దంలోంచి నావైపు చూసి, "ఈ మాట అంటున్నది మీరేనా?" అన్నాడు. నేనే.

ఆ ఇంట్లో టీవీని వసారాలోకి తెచ్చి పెట్టారు. దడిలో గొర్లు, వాకిట్లో చుట్టాలు. పెళ్లిపిల్ల కూడా మాడుగులపల్లి నుంచి వచ్చింది. మిలిటరీ అన్న అందరికంటే ముందు, నేలమీద కూర్చున్నాడు. జుట్టు కురచగా, నడుము నిటారుగా. సినిమా నడుస్తుంటే ఎవరెవరో ఏదేదో అంటున్నారు. పసుపు ఘట్టం వచ్చింది. వాడు రిమోట్ కోసం చెయ్యి చాచాడు. వెనక్కి తిప్పాడు. చూశాడు. మళ్లీ తిప్పాడు. మూడోసారి తిప్పి, తెరవైపు చూస్తూనే చెల్లెలితో అన్నాడు.

"ఫోన్‌ల నువ్వు గిట్ల లేవు. తెల్లగ, పాలిపోయి ఉంటివి. జరమొచ్చిందేమో, నాకు చెప్తలేరేమో అనుకున్న."

ఆ పిల్ల నవ్వడానికి ప్రయత్నించి లోపలికి వెళ్లిపోయింది. వాళ్ల నాయనమ్మ మాత్రం పక్కనున్నవాళ్లకు గట్టిగా చెప్తోంది, అది తను దంచిన పసుపేనని, చూడగానే గుర్తుపట్టానని. నేను మిర్యాలగూడ అన్నవైపు చూశాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఛాయ్ ఊదుకుంటున్నాడు, ఇదంతా ఎవరో చేసినట్టు.

తిరుగు దారిలో కారులో కూర్చుని ఫోన్ తీశాను. బుధవారం గ్రూపులో నేను రాసిన మాట అలాగే ఉంది, మూఢం దాకా ఆగేవాళ్లు ఆగండని. తీసేద్దామని చూశాను. సమయం దాటిపోయిందట, తీసేయడానికి వీల్లేదంది. సరే, ఉండనీ అనుకుని దానికిందే జరిగినదంతా రాశాను: పసుపు, తొంభై శాతం, పెన్‌డ్రైవ్. అన్నను అందరి ముందు అన్న మాట తప్పని కూడా రాశాను. అది రాయడానికే ఎక్కువసేపు పట్టింది.

ముందు సీట్లో అన్న ఫోన్ మోగింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. నావైపు తిరగలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. నా ఫోన్‌లో పడింది.

"ఇప్పుడు ఇచ్చొచ్చిన దాన్ని ఏడ దాచినవ్?"

దాచలేదు. సంచిలోంచి డిస్క్ తీసి ఒళ్లో పెట్టుకుని, ఇంకో పెన్‌డ్రైవ్ ఉందా అని కోదాడ తమ్ముణ్ని అడిగాను.